వరద లెక్కకు వెళ్లి కోడికూర తిన్న వైనం

ఆ రోజుల్లో నాకున్న ఒకే ఒక్క పర్మినెంటు ఉద్యోగం భయపడటం. దిల్‌సుఖ్‌నగర్‌లో కోచింగుల చుట్టూ మూడేళ్లు తిరిగి, కాకినాడలో అమ్మకు ఫోన్ చేయడానికి కూడా మొహం చెల్లక, చివరికి ఎల్‌బీ నగర్‌లో ఒక చిన్న సర్వే ఆఫీసులో నెల రోజుల పని సంపాదించాను. మూసీ దిగువన ఒక ఊళ్లో వరద నష్టం లెక్కగట్టాలి. గోడ మీద నీటి మరక ఎంత ఎత్తుందో కొలవాలి, పోయినవి రాయాలి, ఫోటోలు తీయాలి. (ఇంతేగా అనుకున్నాను. ఇంతేగా అనుకున్న పనులే నా ప్రాణం మీదికి తెస్తాయి.) ఆ ఊరు మా ఇంటి ఓనరమ్మ పుట్టినూరు. నోరు మూసుకుని ఉంటే సరిపోయేది. కానీ ఉద్యోగం వచ్చిందని గొప్ప చూపించుకోవాలి కదా, చెప్పాను. ఆవిడ అప్పటికప్పుడు తన వదినకు ఫోన్ చేసి, మా ఇంట్లో కిరాయికుండే పిల్లే ఆఫీసరై వస్తోంది, మంచిగా చూసుకోండి అని మరీ మరీ చెప్పింది.

మర్నాడు బస్సు దిగి చూస్తే ఆ వాడంతా పండగ ముందు రోజులా ఉంది. గోడలకు కొత్త సున్నం, అలికిన వాకిళ్లు, ముగ్గులు. తడిసిన పరుపులూ మొలకెత్తిన వడ్లూ ఊరి బయట పారబోశారట (అది నాకు తర్వాత తెలిసింది). వదినగారు కాళ్లకు నీళ్లిచ్చి, పీట వేసి, కోడికూర వడ్డించింది. ఏమేం పోయాయని అడిగితే, "మనుషులం మంచిగున్నం గద బిడ్డా, ఇంకేం పోతది? ముందుగాల తిను," అంది. అన్నం తినే మనిషి ముందు తన గోడు వెళ్లబోసుకోవడం ఆవిడకు చేతకాదు. అది గ్రహించే తెలివి నాకు లేదు. శుభ్రంగా తిని, ఫారం మీద సున్నా పెట్టాను. పక్క ఇళ్లలోనూ అదే మర్యాద, అదే సున్నా. మధ్యాహ్నానికే పని అయిపోయిందని, నిజం చెప్పొద్దూ, పొంగిపోయాను కూడా.

సాయంత్రం ఆఫీసులో మా సారు ఫోటోలు ఒక్కొక్కటే చూసి, "నువ్వు పోయింది వరదొచ్చిన ఊరేనా అమ్మా?" అని అడిగాడు. రేపు సాయంత్రం జాబితా మూసేస్తారనీ, సున్నా పడ్డ ఇంటికి ఇక పైసా పరిహారం రాదనీ చెప్పాడు. మెట్రోలో సీట్లు ఖాళీగా ఉన్నా దిల్‌సుఖ్‌నగర్ దాకా నిలబడే వచ్చాను. గేటు దగ్గరే ఓనరమ్మ, వదినావాళ్లకు ఎంత రాశావని అడిగింది. చెప్పాను. ఆవిడ తిట్టినా బాగుండేది. "పొద్దుగాల ఫస్ట్ బస్సుకు పోదాం. నేను గూడ ఒస్తా," అంది.

వెళ్లీ వెళ్లగానే ఓనరమ్మ వదినను దులిపేసింది, లెక్క రాసేవాళ్లు వస్తుంటే ఇల్లు సర్దుకుంటారా అని. ఇంటికొచ్చిన మనిషికి బురద చూపిస్తామా అని వదినగారు. ఆ వాదన తేలేలా లేదని ముగ్గురం కలిసి ఇనప బీరువా జరిపాం. దాని వెనక, సున్నం అందని గోడ మీద, నా ఛాతీ ఎత్తున మరక. దాన్ని చూసి అంత సంతోషించినందుకు సిగ్గు కూడా వేసింది. ఇంటింటా బీరువాలు జరుపుతూ, కొలుస్తూ, గుచ్చి గుచ్చి అడుగుతూ, గడియారం చూసుకుంటూ రాశాను. ఆఖరున మిగిలింది వదినగారి కోళ్ల లెక్క. ఎన్ని ఉండేవంటే పన్నెండు అంది. ఇప్పుడెన్నంటే ఒక్కటీ లేదంది. పన్నెండు పోయాయని రాశాను. ఆవిడ ఫారంలోకి తొంగి చూసి, పదకొండు రాయమంది. మరి పన్నెండోదేమైందని అడిగాను.

"గదొక్కటి బతికింది బిడ్డా. నిన్న నీకు కోసినం. దాన్ని వరద మీద ఎందుకేస్తవ్?"

నేను తల ఎత్తలేకపోయాను. పన్నెండే ఉండనివ్వమని బతిమాలాను. ఆవిడ వినలేదు, కొట్టేసి పదకొండు వేసేదాకా పక్కనే నిలబడింది. జాబితా మూయడానికి ఇంకా అరగంట ఉందనగా ఫారాలు సారు చేతిలో పెట్టాను.

ఆ నెల రోజుల పనే పర్మినెంటు అయింది, ఇప్పుడు కొత్తగా చేరిన పిల్లల్ని ఇలాంటి ఊళ్లకు పంపేది నేనే. టేపులూ ఫారాలూ చేతికిచ్చి, ఎవరైనా అన్నం పెడితే కాదనొద్దు, కానీ తినేముందు ఒకసారి కోళ్లగూట్లోకి తొంగి చూడండి అని చెబుతాను. వాళ్లు జోకనుకుని నవ్వుతారు. నేనూ నవ్వుతాను, కాస్త ఆలస్యంగా.