హెడ్‌సెట్ బాగానే ఉంది

డిగ్రీ చివరి ఏడాదిలో, వరంగల్ కొత్తవాడలోని మా ఇంట్లో కంప్యూటర్ మీద స్నేహితులతో ఆన్‌లైన్ గేమ్ ఆడేవాణ్ణి. ఒకసారి ఆట ఆగి ఆగి నడవడం, హెడ్‌సెట్‌లో వాళ్ల మాటలు గరగరమనడం మొదలైంది. గ్రాఫిక్స్ తగ్గించి, సౌండ్ డ్రైవర్ సాఫ్ట్‌వేర్ మళ్లీ వేస్తే ఆట సాఫీగా నడిచింది. ఎడమవైపు మాటలు మాత్రం గుడ్డ అడ్డం పెట్టినట్టే వినిపించేవి. రోజుల తరబడి సెట్టింగులు మార్చాను. కొత్త హెడ్‌సెట్ తెచ్చినా అంతే.

విసుగొచ్చి, పెట్టుకుని విని చూడమని చెల్లికి ఇచ్చాను.

"రెండు దిక్కుల మంచిగనే ఇనవడ్తాంది గదా అన్నా!" అంది.

నమ్మలేక హెడ్‌సెట్ తిప్పి పెట్టుకున్నాను. అప్పటిదాకా బాగా వినిపించిన వైపు కూడా నా ఎడమ చెవి దగ్గరికి రాగానే మూగబోయింది. వెళ్లి అమ్మకు చెప్పాను.

"ఫికర్ జెయ్యకు బిడ్డా, దవాఖానకు పోదాం పా" అంది అమ్మ.

హనుమకొండలో డాక్టర్ పరీక్షించి, "లోపలి నరం దెబ్బతిన్నదమ్మా. మొదట్లనే వస్తే మందులు జర పనిజేసేటియి" అన్నాడు. మందులు వాడినా వినికిడి తిరిగి రాలేదు.

శత్రువు అడుగుల చప్పుడు ఎటునుంచో తెలియక ఆట మానేశాను. రోడ్డు దాటక తప్పదు కదా, అప్పుడు చెల్లి నా ఎడమవైపుకు వచ్చి నడుస్తుంది. కంప్యూటర్‌ను బాగుచేస్తూ గడిపిన ఆ రోజుల్లో ఒక్కసారైనా నా చెవిని అనుమానించి ఉంటే బాగుండేదని ఇప్పటికీ బాధపడతాను.