టోకున మాటిచ్చిన ఓట్లు

ఒక్క మాటతో ఇరవై రెండు ఓట్లు బేరం పెట్టిన మనిషిని నేను. అందులో ఇరవై ఒకటి నావి కావు. అయినా అవతలి మనిషి సరేననేదాకా నా మొహంలో ఏమీ తెలియనివ్వలేదు. గవర్నర్‌పేటలో నాన్నగారి గుడ్డల కొట్లో పెరిగి, ఇప్పుడు అదే కొట్టు నడుపుతున్నదాన్ని. ఆమాత్రం రాకపోతే ఎలా?

కార్పొరేషన్ ఎన్నికల్లో మా డివిజన్ ఆడవాళ్ళకి రిజర్వయింది. నిలబడిన ఆవిడ కొట్టు కొట్టుకీ వచ్చి దండం పెట్టేది. మాటలన్నీ వాళ్ళాయనవి.

"ఏం చెల్లెమ్మా, మీ సందు మనదే కదా?" అన్నాడాయన.

మా సందు కొట్లలో ఆడవాళ్ళకి మరుగుదొడ్డి లేదు. పొద్దున షట్టర్ ఎత్తినప్పటి నుంచి అందరూ నీళ్ళు గుక్కెడు గుక్కెడు తాగుతారు. ఆ సంగతి అడిగేసరికి నాలో బేరగత్తె లేచింది.

"సందులో ఆడవాళ్ళం ఇరవై రెండు మందిమండీ. అందరూ నా మాట మీద ఉన్నారు. మరుగుదొడ్డి కట్టిస్తారా, ఇంకొకళ్ళని అడగనా?"

"కట్టించేద్దాం" అన్నాడు. అంత తేలిగ్గా ఒప్పుకున్నందుకే నాకు అనుమానం రావాల్సింది. రాలేదు.

మధ్యాహ్నం అన్నాల వేళ మా కొట్లో వాళ్ళకి గొప్పగా చెప్పాను. కొండపల్లి నుంచి వచ్చి మా దగ్గర జాకెట్టు ముక్కలు కోసే ఆమె క్యారేజీ మూత పెట్టేసింది.

"నా ఓటు కొండపల్లిలో ఉందక్కా. ఇక్కడెట్టా అమ్మేశారు?"

కొట్లో కనపడేదంతా మన సరుకే అనుకునే అలవాటు నాది. సందంతా తిరిగి అడిగాను. ఒకరిది కానూరు, ఒకరిది తాడేపల్లి. నాతో కలిపి ఈ డివిజన్‌లో ఓటున్నవాళ్ళం నలుగురం. ఆ ముగ్గురూ కూడా, మమ్మల్నెప్పుడు అడిగావన్నారు.

తిరిగొచ్చాక కొండపల్లి ఆమె వదల్లేదు. "అసలు పోయినసారి నేను ఓటే వెయ్యలేదు, తెలుసా? పోలింగ్ రోజున పెళ్ళి బేరాలని మీరు నాలుగున్నరదాకా షట్టర్ దించలేదు. నేను బస్సు దిగేసరికి పోలింగ్ బూత్ గేటు మూసేశారు."

ఆ రోజు అమ్మకాలు బాగున్నాయని నాకు గుర్తుంది. ఆమె మొహం గుర్తులేదు. ఆ సాయంత్రం కొట్లో కూర్చోలేక, నిలబడలేక, మడతపెట్టిన తానులే మళ్ళీ మడతపెట్టాను.

మర్నాడు ఉన్న మాట చెప్పేద్దామని అభ్యర్థి ఇంటికి బయల్దేరితే, కొండపల్లి ఆమె కూడా వచ్చింది. ఇరవై రెండు కాదు నాలుగే అని నేను నసుగుతుంటే, ఆమె నన్ను దాటుకుని నేరుగా ఆవిడ ముందుకెళ్ళింది.

"అమ్మా, మా సందు సంగతి మీతో చెప్పుకోవాలి."

"నాకు చెప్పమ్మా, నేను చూసుకుంటా" అన్నాడాయన.

"నామినేషన్ మీరేశారా అండీ?"

వరండాలో ఎవరో నవ్వారు. ఆయన ఫోను చూసుకున్నాడు. ఆవిడ మెల్లగా అంది: "ఈ ప్రచారం మొదలైన కాడి నుంచి నేనూ నీళ్ళు తాగి బయల్దేరట్లేదు. రాసి తీసుకురండి. గెలిచినా ఓడినా నేనే పట్టుకెళ్తా. కట్టిస్తానని మాత్రం ఇప్పుడే చెప్పలేను."

బేరంలో ఇంత పలచని మాట నేనైతే ఒప్పుకోను. కొండపల్లి ఆమె ఒప్పుకుంది. "మీ పేరు మీదే ఇస్తాం, ఆయన పేరు మీద కాదు" అంది.

పోలింగ్ రోజున షట్టర్ ఎత్తలేదు. ఇంట్లో కాలు నిలవలేదు. ఓటేసి వచ్చి కూడా రెండుసార్లు కొట్టు తాళం చూసొచ్చాను. కొండపల్లిలోనూ అదే రోజు మున్సిపాలిటీ ఎన్నిక; అక్కణ్ణించి ఆమె సిరా వేలు ఫొటో పంపింది, కింద ఒక్క మాట లేకుండా.

ఆవిడ గెలిచింది. అందరం సంతకాలు పెట్టిన కాగితం కార్పొరేషన్ ఆఫీసుకి పట్టుకెళ్ళింది. రెండుసార్లు సందుకొచ్చింది, రెండోసారి ఒక్కతే. ఆఫీసు వాళ్ళు వచ్చి స్థలం చూశారు, సున్నంతో గీత గీశారు. గీత వానకి పోయింది. మరుగుదొడ్డి ఇంకా లేదు. కొండపల్లి ఆమె రెండో కాగితం రాస్తోంది.

ఇక నా లెక్క. నేను బేరం పెట్టిన ఓట్లు ఇరవై రెండు. ఈ డివిజన్‌లో ఉన్నవి నాలుగు. నా చేతిలో ఉన్నది ఒకటి. పోయినసారి నేను షట్టర్ దించనందువల్ల పోయినవి, ఒక్కొక్కరినీ అడిగి తేల్చుకుంటే, మా కొట్లోనే మూడు.