చీటీలు లేని సీసాలు

మా బావగారు పోస్టాఫీసులో ఉత్తరాలు వేరుచేసే పని చేసి రిటైరయ్యారు. ఏ వీధి ఉత్తరమైనా చూడకుండానే దాని అరలోకి విసిరేవాణ్ణని ఇప్పటికీ గొప్పలు. అన్నీ సరైన అరలోనే పడ్డాయో లేదో చెప్పేవాళ్ళెవరూ మిగల్లేదు కనక ఆ గొప్పలకి అడ్డే లేదు.

మందుల షాపు మేడ మీద పెద్దవాళ్ళకి జ్ఞాపకశక్తి క్లాసు పెట్టారు. తెరమీద మూసిన గడులుంటాయి. ఏ గడిలో గొడుగుందో, దేన్లో చేపుందో గుర్తుపెట్టుకుని నొక్కాలి. బావగారు అందరికన్నా ముందు నొక్కేస్తారు. "సార్, మీది కుర్రాడి బుర్ర!" అన్నాడట మాస్టారు. అంతే, ఈయనకి కళ్ళు నెత్తికెక్కాయి. పాలు మాడబెట్టినప్పుడు, చెప్పులు బీరువాలో పెట్టినప్పుడు ఆ కుర్ర బుర్ర ఎక్కడికి షికారెళ్ళిందో మాస్టారు అడగలేదు.

ఒకరోజు వంటింటి డబ్బాల మీదా, అక్క మందుసీసాల మీదా చీటీలన్నీ పీకేశారు. "చీటీ చూసి తీస్తే మెదడు తుప్పుపడుతుంది" అన్నారు. అక్కకి షుగరూ బీపీ రెండూ ఉన్నాయి. మాత్రలిచ్చే పని మొదటినుంచీ ఆయనదే. పక్కవీధి నుంచి వెళ్ళి నేను ఒంటికాలి మీద లేస్తే, అక్క "పోనీవే, ఆయన సరదా" అంది. ఒళ్ళు మండింది నాకు.

క్లాసు వార్షికోత్సవంలో బావగారికి మొదటి కప్పు. ఆయన ఆట తెరమీద వెయ్యడానికి హాల్లో దీపాలార్పేశారు. ఆ చీకట్లోనే జేబులోంచి సీసా తీసి, "బీపీ మాత్ర వేళయింది" అంటూ అక్క చేతిలో ఒకటి పెట్టి, మింగేదాకా కదల్లేదు. తరవాత మాస్టారి ఉపన్యాసం. మెదడు గురించి అంతసేపు వాగిన మనిషికి, ఎదురుగా ముసలివాళ్ళు ఆకలితో కూర్చున్నారన్న సంగతి తట్టలేదు. కప్పిచ్చే వేళకి అక్క చెమటతో తడిసి నా భుజం మీద వాలిపోయింది. నేను అరిచాను. బావగారు వేదిక మీద ఫొటోకి నవ్వుతున్నారు.

ఆసుపత్రిలో షుగర్ పడిపోయిందన్నారు.

"ఏ మాత్ర వేశారు?" అంది డాక్టరమ్మ.

బావగారు కప్పు చంకలో పెట్టుకుని, "ఎడమ జేబులోది" అన్నారు.

"అందులో ఏముంది?"

ఆయన కుడి జేబు తడుముకున్నారు. ఆయన్ని బయటికి పంపేసి, మంచం పక్కన నేను ఆయన్ని నోటికొచ్చినట్టు తిడుతుంటే అక్క కళ్ళు తెరిచింది.

"ఊరుకోవే. ఆయన మాత్రలు మార్చేస్తారని నాకు తెలుసు. రంగు చూసుకుని, తప్పుదైతే గుప్పిట్లో దాచేసి సరైనది వేసుకుంటాను. ఇవాళ చీకట్లో కనపడలేదు."

"చీటీలు పీకిన రోజైనా చెప్పొచ్చుగా!"

"చీటీలున్నప్పుడే తప్పిచ్చేవారు. అందుకేగా క్లాసులో చేర్పించింది."

ఏడాదిగా ప్రాణం మీదికి తెచ్చుకుంటూ మొగుడి పరువు కాచిందట! ఆయన మీద కన్నా అక్క మీదే ఎక్కువ కోపమొచ్చింది.

ఇంటికి రాగానే సీసాలకి చీటీలంటించి నా సంచిలో వేసుకున్నాను. "మాత్రలు ఇకనుంచి నేనిస్తాను. మీ బుర్ర ఆ కప్పులో దాచుకోండి" అన్నాను.

బావగారు కప్పు బల్లమీద పెట్టారు. "మరి నేను మీ అక్కకి ఏం చెయ్యను?"

ఆ గొంతు నాకు నచ్చలేదు. తిట్టడానికి వీల్లేకుండా ఉంది. "మంచినీళ్ళు తెండి" అన్నాను.

ఆయన వంటింట్లోకి వెళ్ళారు. డబ్బాల మూతలు ఒక్కొక్కటే తెరుస్తున్న చప్పుడు వినిపించింది.

"కిటికీ దగ్గర కూజాలో ఉన్నాయండీ" అంది అక్క మంచం మీంచి, రోజూ చెప్పే మాటలా.