గేటు దగ్గర నిలబడిన మరమనిషి

కాస్త దగ్గరికి జరిగి కూర్చోండి. గొంతు పెంచి చెప్పే ఓపిక నాకిప్పుడు లేదు. పైగా ఎదురింట్లో మరమగ్గాలు పొద్దున మొదలైతే పొద్దుగూకేదాకా ఆగవు. వింటూ వింటూ మధ్యలో ఊ అంటూ ఉండండి, చాలు. ఊ కొట్టే మనిషి లేకపోతే నాకు కథ సాగదు. మా అవ్వకూ ఇంతే. చిన్నప్పుడు నేను ఊ అనడం మరిచి కునికితే కథను అక్కడే ఆపేసి, మర్నాడు సరిగ్గా ఆ మాట దగ్గరే ఎత్తుకునేది.

నేను చదివింది మూడో తరగతి. అక్షరాలు కూడబలుక్కుని చదువుతాను. ఇది కూడా మీకు చెప్పడానికని రోజుకు నాలుగు ముక్కలు చొప్పున రాసుకుంటూ వచ్చాను. కానీ ఒకసారి చెవిన పడిన మాట మాత్రం నాకు పోదు. అందుకే మా ఇంటాయన చెప్పిన మరమనిషి కథ మాట పొల్లుపోకుండా మీకు చెప్పగలను.

ధర్మవరంలో మాది గుంట మగ్గం. మాకు పిల్లలు లేరు. ఇంట్లో ఇద్దరమే, మాతో పాటు మగ్గం. ఆయన నేస్తుంటే నేను పక్కన కూర్చుని రాట్నం మీద కండెలు చుడుతూ మా అవ్వ చెప్పిన కథలు చెప్పేదాన్ని. ఆయన ఊ కొట్టేవాడు. ముప్పై ఏళ్లకు పైగా అలా నడిచింది. అన్ని ఊ లలో ఒక్కటి కూడా పరధ్యానంగా అన్నది లేదు.

వయసు మీదపడ్డాక ఆయనకు లైబ్రరీ అలవాటైంది. పొద్దున్నే పోయి, బెంచీ మీద కూర్చుని చదివి వచ్చేవాడు. రాజుల కథలు, దయ్యాల కథలు ఆయనకు పట్టేవి కావు. మరమనుషుల కథలంటే ప్రాణం. ఇనుముతో చేసిన మనిషి మాట్లాడుతుందట, ఆలోచిస్తుందట, మనుషులతో కలిసి బతుకుతుందట. "మరమగ్గం మన పని గుంజుకునింది కదా, దాని చుట్టాల కతలు నీకెందుకు?" అని నేను వెక్కిరించేదాన్ని. "చుట్టాలు వేరే. వీళ్లు మంచోళ్లు" అనేవాడు.

నిరుడు ఒక పడుగు, అంటే చీర నిలువు పోగులు, అతకాల్సి వచ్చింది. మగ్గం మీద చీరలు అయిపోయినా పాత పడుగును మొత్తంగా కోసెయ్యరు. కొసలు కొంచెం ఉంచుతారు. వేళ్లకు బూడిద అద్దుకుని, ఆ కొసలకు కొత్త పోగులు ఒక్కొక్కటే మెలిపెట్టి అతకాలి. వేల పోగులుంటాయి. చేయి తిరిగినవాళ్లు ఒకటి రెండు రోజుల్లో ముగిస్తారు. మా కళ్లకూ వేళ్లకూ అది ఎనిమిది రోజులైనా తెమల్లేదు. ఆయన ఒక కొస నుంచి, నేను ఒక కొస నుంచి మొదలుపెట్టాం.

"ఈసారి నేను కత చెప్తా. నువ్వు ఊ అను" అన్నాడు ఆయన. "ఒక ఇంట్లో పనికి మరమనిషిని పెట్టుకున్నారు. అది చెప్పిన మాట జవదాటదు."

"ఊ."

"ఒకనాడు యజమాని ఇంటికి తాళమేసి యాడికో పోతా, 'నేను వచ్చేదంకా ఈ గేటు కాడ నిలబడు' అన్నాడు. పోయినాడు. మళ్ల రాలేదు."

నా చేతిలో పోగు ఆగింది. "మరి అదెంతసేపు నిలబడల్ల?"

"చెప్పినాడు కదా, వచ్చేదంకా."

"దానికి ఆలోచన ఉండాదంటివి. ఆలోచన ఉన్నదానికి దుఃఖం లేకుండా ఉంటాదా?"

"ఏమో. రాసినాయన్ని అడగల్ల."

"దానికి కీడు జరిగే కతైతే నాకు చెప్పొద్దు. ఈడనే నిలిపెయ్."

ఆయన కళ్లద్దాల పైనుంచి నన్ను కాసేపు చూశాడు. మళ్లీ పోగుల మీదికి వంగి, "కీడేమీ లేదులే, విను" అన్నాడు.

రెండో రోజు కథలో ఆ గేటు ముందుకు, కన్నడ సరిహద్దున ఉండే మా మడకశిర పక్కనుంచి ఒక గొర్రెలాయన వచ్చాడు. మంద ఆపి, ఆ ఇనుప మనిషిని కన్నడంలో "ఊట ఆయ్తా?" అని అడిగాడు. అన్నం తిన్నావా అని.

"అది తినదు కదప్పా" అన్నాను.

"తినదు. అయినా అడిగినోడు ఒకడు వచ్చినాడు కదా, దానికి శానా సంతోషమైంది. అప్పటినుంచి దోవన పోయేటోళ్లందర్నీ అదే అడగబట్టె, ఊట ఆయ్తా, ఊట ఆయ్తా అని."

నవ్వితే నా చేతిలో పోగు తెగింది. ఆ రోజు నుంచి సంగటి కెలికి పిలిచేటప్పుడు నేనూ "ఊట ఆయ్తా?" అనే పిలిచాను.

నాలుగో రోజు కథలో పుట్టపర్తి బస్సు టైరు అక్కడే పోయింది. చుట్టూ ఎక్కడా చెట్టు లేదు. ఆడవాళ్లంతా వచ్చి ఆ మరమనిషి నీడలో కూర్చున్నారు. ఎండ తిరిగే కొద్దీ అది చేతులు చాపి నీడ పెంచింది. ఒక ముసలామె దాన్ని అడిగింది, "పెండ్లయిందా నాయనా?" అని. "ఇంకా ఎవరూ పిల్లనియ్యలేదవ్వా" అన్నదట అది.

ఆరో రోజు కందిరీగ వచ్చి దాని చెవిలో మట్టితో గూడు కట్టింది. గూడు రాలిపోతుందని అది మెడ తిప్పడం మానుకుంది. నేను ఉండబట్టలేక అడిగాను, "ఇన్ని దినాలైనా దానికి ఆ యజమాని మీద కోపం రాలేదా?"

"కోపం కాదు, దిగులు. ఆయప్ప ఇల్లు యాడుండాదో మరిచిపోయి తిరుగుతాండాడేమో, దోవ చూపేటోళ్లు లేరేమో అని."

పుస్తకంలోకి మడకశిర ఎలా వచ్చిందని నేను ఒక్కసారీ అడగలేదు. పుస్తకాలు అచ్చు వేసేవాళ్లకు అన్ని ఊళ్లూ తెలిసే ఉంటాయనుకున్నాను.

ఎనిమిదో రోజు మధ్యాహ్నానికి మా ఇద్దరి మధ్య జానెడు మేర పోగులు మిగిలాయి. "చాన్నాళ్ల మీద గేటు అవతల చెప్పుల సప్పుడైంది" అన్నాడు ఆయన.

"ఊ. ఎవరు?"

"ముందు సంగటి పెట్టు. తిని చెప్తా."

తిన్నాడు. చెయ్యి కడుక్కుని గోడకు ఆనుకుని కూర్చున్నాడు. నేను గిన్నెలు సర్ది వచ్చి, బూడిద చిప్ప దగ్గరికి జరుపుకుని, "ఊ, చెప్పు" అన్నాను. ఆయన చెప్పలేదు.

వచ్చినవాళ్లు వచ్చారు, పోయారు. ఆయన దినకర్మలు అయ్యాయి. ఇంట్లో నేనూ మగ్గమూ మిగిలాం. రోజూ పొద్దున వేళ్లకు బూడిద అద్దుకుని కూర్చునేదాన్ని. ఆ చెప్పులు ఎవరివో తెలియకుండా తర్వాతి పోగు ఎత్తబుద్ధి కాలేదు.

పట్టు ఇచ్చిన షావుకారు రెండుసార్లు వచ్చాడు. మంచివాడే. "అమ్మా, దుమ్ము పడితే, ఎలకలు కొరికితే పట్టు పాడైపోతాది. నాలుగు పోగులు, అంతే కదా. ఎవర్నన్నా పంపిస్తా, గంటలో అతికిపోతారు."

"వద్దన్నా. అది నేనే అతుకుతా."

"ఎప్పుడమ్మా?"

ఎప్పుడో నాకు మాత్రం తెలుసా? ఉగాది దాకా చూస్తానన్నాడు. ఆలోగా కాకపోతే పడుగు విప్పించి తీసుకుపోతానన్నాడు. మా ఇద్దరి వేళ్లూ కలిసి చేసిన చివరి పని అది. దాన్ని విప్పనివ్వకూడదంటే ఆ చెప్పులు ఎవరివో ముందు నాకు తెలియాలి.

మర్నాడే లైబ్రరీకి పోయాను. జీవితంలో మొదటిసారి. పుస్తకం పేరు తెలియదు. అక్కడ కూర్చునే ఆమెకు మా ఆయన ఎలా ఉండేవాడో చెప్పాను. ఆమె వెంటనే లేచి, బీరువాలోంచి పలచటి పుస్తకం తీసింది. మధ్యలో ఎర్ర పట్టు పోగు, మా ఇంటిదే.

"వారం పైన ఇదే బుక్కు చేతిలో పట్టుకొని కూర్చునేటోడమ్మా. నాలుగు పేజీల కతకు ఇన్ని దినాలా అని ఎగతాళి చేస్తి" అన్నది ఆమె.

"ఏమన్నాడు?"

"'ఇంట్లో గిరాకీ ఉండాదమ్మా' అన్నాడు."

చదివి వినిపించమన్నాను. యజమాని నిలబడమని పోవడం వరకు సరిగ్గానే ఉంది. ఆ తర్వాత ఇల్లు చేతులు మారుతుంది. కొత్తగా వచ్చినవాళ్లు ఆ మరమనిషిని పాత ఇనుము కొనేవాడికి వేసేస్తారు. సుత్తితో విరగ్గొట్టేటప్పుడు కూడా అది గేటు వైపే చూస్తూ ఉంటుంది. అంతే, అయిపోయింది.

"గొర్రెలాయన?" అని అడిగాను.

"ఏ గొర్రెలాయనమ్మా?"

"బస్సు? కందిరీగ? చివర్లో చెప్పుల సప్పుడు?"

ఆమె పేజీలు ముందుకూ వెనక్కూ తిప్పి చూసింది. "ఏమీ లేవమ్మా ఇందులో. చివర్లో చెప్పుల సప్పుడు కూడా లేదు."

ఆ బెంచీ మీద, ఆయన కూర్చున్న చోటే చాలాసేపు కూర్చున్నాను. కీడు జరిగితే చెప్పొద్దని నేను అన్నందుకు, ఎనిమిది రోజులు ఆ ఇనుప మనిషిని సుత్తి కింద పడకుండా కాపాడుకుంటూ వచ్చాడు. రోజూ పొద్దున ఇక్కడికొచ్చి, పుస్తకం తెరిచిపెట్టుకుని, ఆ రోజుకు ఏం చెప్పాలో కల్పించుకున్నాడన్నమాట. ఇక ఆ చెప్పులు ఎవరివో చెప్పేవాళ్లు ఈ లోకంలో లేరు.

ఇంటికొచ్చి మగ్గం దగ్గర కూర్చున్నాను. బూడిద అద్దుకున్నాను. ఎదురింటి మరమగ్గాల మోతలో నా గొంతు నాకే సరిగా వినిపించలేదు. అయినా పైకే చెప్పాను. "వచ్చింది యజమాని కాదప్పా. ఎవరో ఆడమనిషి. దానిలాగే ఒంటిది. దోవన పోతా ఆగింది. దాన్ని కిందికీ మీదికీ చూసి, 'నిలబడింది చాల్లే, ఇంక కూర్చో' అన్నది. అన్ని దినాల్లో ఆ మాట దానికి ఎవరూ చెప్పలేదు."

ఒక్క క్షణం ఆగాను. ఊ వినిపించలేదు. నేనే ఊ అనుకున్నాను. మొదటి పోగు మెలిపెట్టాను.

జానెడు మేర పోగులకు నాకు మూడు రోజులు పట్టింది. ఆ మూడు రోజులూ ఆ ఆడమనిషీ మరమనిషీ గేటు ముందు కూర్చుని మాట్లాడుకుంటూనే ఉన్నారు. కందిరీగ గూడు మాత్రం కదల్లేదు. పడుగు ఇప్పుడు మగ్గం మీదే ఉంది. రోజుకు జానెడు, బెత్తెడు నేనే నేస్తున్నాను. షావుకారు తొందర పెట్టడం లేదు. సంగటి దించేటప్పుడు ఇప్పటికీ నోట్లోంచి "ఊట ఆయ్తా?" అని వచ్చేస్తుంది.

ఇంతసేపూ మీరు నాకు ఊ కొట్టారు. మీ ఇల్లు చల్లగా ఉండాలి. మీ ఇంట్లో ఎవరు ఏ మాట మొదలుపెట్టినా, పక్కనుంచి ఊ అనే గొంతుకు ఎన్నడూ కరువు రాకూడదు. మీ గడప ముందు నిలబడిపోయినవాళ్లు ఎవరైనా ఉంటే, కూర్చోమని చెప్పే మనసు మీ పిల్లాపాపలకు ఉండాలి.