దర్జీకి కనపడని మంట

కోటు కుట్టడంలో ఆ దర్జీకి వంక పెట్టినవాళ్ళు లేరు. ముదురెరుపు ఆయన కంటికి నలుపుగానే ఆనుతుందన్న సంగతి మాత్రం కట్టుకున్న భార్యకు కూడా తెలియదు. దారపు ఉండలు ఒకే వరసలో పేర్చుకుని, ఎవరినీ ముట్టుకోనివ్వకుండా గుట్టుగా నెట్టుకొచ్చాడు. రంగులు తెలియని దర్జీ అంటే నలుగురూ నవ్విపోరూ?

ఒక ఆదివారం తోడల్లుడు టెలిస్కోపు మోసుకుని వాళ్ళ డాబా ఎక్కాడు. బళ్ళో సైన్సు చెప్పే మనిషి, నోట్లో నాలుక లేని రకం. సూర్యుణ్ణి చూడటానికే చేసిన గొట్టం అది. ఒక్క ముదురెరుపు వెలుగును తప్ప దేన్నీ లోపలికి రానివ్వదు. సూర్యుడి అంచున ఎగసే మంటలు అందులో కనిపిస్తాయి.

"అమ్మో, ఎంత ఎత్తు లేచిందో!" అంది దర్జీ భార్య. మొగుడి వెంట వచ్చిన మరదలు కూడా చూసి మురిసిపోయింది.

దర్జీ కన్ను ఆనించాడు. అంతా చీకటి.

"కనిపించిందా అన్నయ్యా?" అడిగాడు తోడల్లుడు.

"కనిపించకేం! కుడిపక్కన భగభగమంటోంది."

మరదలు మళ్ళీ తొంగిచూసింది. "కుడిపక్కన ఏం లేదు బావా, ఉన్నది ఎడమపక్కన!" అని పకపకా నవ్వింది. భార్య కూడా నవ్వింది.

దర్జీకి తల కొట్టేసినట్టయింది. "ఈ బొమ్మ గొట్టం ఎక్కడ కొన్నావయ్యా? ఎర్ర అద్దం బిగించేస్తే శాస్త్రవేత్తవైపోతావా? నీ కబుర్లు బళ్ళో పిల్లలకి చెప్పుకో!"

తోడల్లుడు గొట్టం విప్పి, పెట్టెలో సర్దుకుని, మంచినీళ్ళయినా ముట్టకుండా వెళ్ళిపోయాడు.

ఆ వారమంతా దర్జీకి ముద్ద దిగలేదు. మరుసటి ఆదివారం పొద్దున్నే తోడల్లుడి ఇంటికి బయల్దేరాడు. భార్యా వెంట వచ్చి, చెల్లెలితో మాట్లాడుతూ కింద ఆగిపోయింది. డాబా మీద తోడల్లుడు టెలిస్కోపుకి కెమెరా తగిలిస్తున్నాడు.

"తమ్ముడూ, ఆ రోజు నాకేం కనిపించలేదు. నాకు ఎరుపు ఆనదు. ఆ సిగ్గుకి నిన్ను నోటికొచ్చినట్టు అన్నాను."

తోడల్లుడు కెమెరా బిగించి ఆయన వైపు తిరిగాడు. "ఒక్క మాట చెప్పుంటే సరిపోయేది కదన్నయ్యా. ఇటు రా. ఈ కెమెరాకి రంగులతో పని లేదు."

నలుపు తెలుపుల తెర మీద, సూర్యుడి అంచు నుంచి తెల్లటి మంట విల్లులా లేచి వంగి ఉంది. దర్జీ రెప్ప వేయడం మరిచిపోయాడు.

"అయితే ఆ వకీలుగారి కోటు..."

ఉలిక్కిపడి తిరిగాడు. మెట్ల మీద భార్య. అంతా విన్నట్టుంది.

కిందటేడు వకీలు నల్లకోటుకి ఎర్రదారం పడింది. దుమ్ము దులుపుతూ నువ్వే ఉండలు తారుమారు చేశావని, వకీలు ముందరే ఆమె మీద అరిచాడు. అప్పట్నుంచీ ఆమె కొట్లో అడుగు పెట్టలేదు.

"నేను ముట్టుకోలేదని మొత్తుకున్నాను. తప్పు మీదేనని అప్పుడే తెలుసా మీకు?"

"తెలుసు" అన్నాడు, తలెత్తకుండా.

తెల్లారి ఆమెను వెంటబెట్టుకుని వకీలు ఇంటికెళ్ళాడు. తప్పంతా తనదేనని చెప్పాడు. వకీలు బుర్ర గోక్కుని, "ఏ కోటయ్యా? నాకు గుర్తే లేదే!" అన్నాడు.

తిరుగుదారిలో ఆమె మెల్లిగా అంది: "మీరు నా మీద అరిచిన రోజు కొట్లో ఇంకో ఇద్దరున్నారు. కుర్చీలో ఒకాయన, గుమ్మంలో ఒకావిడ."

దర్జీకి వాళ్ళ ముఖాలే గుర్తుకు రాలేదు.