కింది దారం

మొన్న నారాయణఖేడ్‌లో ఒక గృహప్రవేశానికి వెళ్తే, ఇంకా విస్తరి ముందు కూర్చోకముందే ఎవరో వెనక నుంచి వచ్చి నా మెడలో పార్టీ కండువా వేశారు. ఫోన్‌లో ఫొటో కూడా తీసుకున్నారు. అప్పుడు నేను చేసిన మొదటి పని, కండువా అంచు తిరగేసి కింది దారం ఏ రంగో చూడడం. పక్కనున్నాయన నాకు మతి పోయిందనుకుని ఉంటాడు.

మా మేనమామది ఆ ఊళ్లోనే బస్ డిపో దారిలో టైలర్ డబ్బా. ఆ రేకుల డబ్బా, అందులోని కుట్టుమిషన్ తప్ప ఆయనకు వేరే ఆధారం లేదు. జాగా సర్కారుది. ఏ నాయకుడికి కోపమొచ్చినా డబ్బా లేచిపోతుంది. అందుకే రాజకీయాల మాటెత్తితే మామకు చెవులు వినపడేవి కావు. బోరంచ పోచమ్మకు మొక్కినా డబ్బా నిలవాలనే తప్ప ఫలానావాడు గెలవాలని మొక్కలేదు. అలాంటివాడి దగ్గరికి ఒక ఎన్నికలప్పుడు రెండు పార్టీల వాళ్లూ కండువాల బట్ట తెచ్చి పడేశారు. ఒకరికే కుడితే పక్షం తీసుకున్నట్టు, ఇద్దరికీ కుట్టనంటే పొగరు. ఇద్దరికీ కుట్టాడు. తొందరలో పై దారం మార్చాడు గాని, కింది దారం చుట్టి ఉండే బాబిన్ మార్చడం మరిచాడు. రెండో పార్టీ కండువాలకు పైన వాళ్ల రంగు దారం, తిరగేస్తే మొదటి పార్టీది.

తీసుకుపోవడానికి వచ్చిన నాయకుడు ఒకటి తిరగేసి చూశాడు. కేకలేయలేదు. అక్కడే ఉన్న మాకు దానికే ఎక్కువ భయమేసింది.

"ఏంది టైలరూ, పైన మేము, లోపల గాళ్లా? నీ మనసుల ఉన్నదే కుట్టినవ్."

"మనసుల ఏం లేదన్నా. బాబిన్ మార్చుడు మర్చిన," అన్నాడు మామ.

నిజమే చెప్పాడు, నమ్మేవాళ్లెవరు? మర్నాడు సాయంత్రానికల్లా సరిచేయాలని, లేకపోతే డబ్బా సంగతి చూసుకుంటామని చెప్పి వెళ్లారు. మామ, అత్త, నేను తెల్లారినప్పటి నుంచి కూర్చుని కుట్లు విప్పి, వాళ్ల రంగు దారంతో మళ్లీ కుట్టాం. బయట ఏ జీపు ఆగినా మామ చేతిలో బ్లేడు ఆగిపోయేది. కందిపప్పులో రాళ్లు ఏరడం కంటే ఇదే నయమని అత్త అంది గాని ఎవరికీ నవ్వు రాలేదు.

డబ్బా నిలిచింది. ఆ తర్వాత పోయేదాకా మామ బాబిన్‌లో తెల్లదారం తప్ప వేయలేదు, పెళ్లికూతురి ఎర్ర జాకెట్టుకైనా సరే. కర్ణాటక సరిహద్దున ఉన్న నాగల్‌గిద్ద ఆడవాళ్లు అది చూసి కన్నడంలో తిట్టిపోయేవాళ్లు. తెల్లది ఏ పార్టీ అని అనుమానంగా అడిగినవాళ్లూ ఉన్నారు.

నా మెడలోని కండువాకూ కింద తెల్లదారమే. తీసేద్దామని చెయ్యి ఎత్తాను. వేసినవాళ్లు ఇంకా నావైపే చూస్తున్నారు. చెయ్యి దించేసి, భోజనం అయ్యేదాకా దాన్ని అలాగే ఉంచుకున్నాను. వాళ్లకు కోపమొస్తే లేపేయడానికి నాకు డబ్బా కూడా లేదు. మామ పోయి ఇన్నేళ్లయినా, ఆయన భయం నాలో ఒక్క కుట్టు కూడా విడలేదు.