కెప్టెన్‌గారి తెల్ల పళ్ళు

ఒంటి మీద యూనిఫాం ఉంటే చాలు, లోకమంతా మనకు సెల్యూట్ కొట్టడానికే పుట్టిందని నమ్మే వయసొకటి ఉంటుంది. ఆ రోజుల్లో నేను సరిగ్గా ఆ వయసులోనే ఉన్నాను. పైగా సైన్యంలో పళ్ళ డాక్టర్‌ని, అందులోనూ కెప్టెన్‌ని. సెలవుకు వచ్చి సోమందేపల్లిలో బస్సు దిగితే టీ అంగడాయన మాత్రం సెల్యూట్ సంగతి మరిచిపోయి, "ఏమప్పా, పండ్లు పీకేదానికి మీకు తుపాకి గూడా ఇస్తారా?" అని అడిగేవాడు. (ఇస్తారు. పళ్ళకు వాడనివ్వరు.)

నాకు కావలసింది తుపాకీ కాదు, ఎండీఎస్ సీటు, అంటే పళ్ళ డాక్టర్ల పైచదువు. పళ్ళను పీకకుండా బాగుచేసే విభాగంలో స్పెషలిస్టుని కావాలని కోరిక. సర్వీసు, పరీక్షలో మార్కులు, పై అధికారి మెచ్చుకోలు, ఫారాల మీద ఫారాలు, ఇవన్నీ దాటితే చివర్న ఇంటర్వ్యూ. మొదటిసారి అక్కడే బోల్తా పడ్డాను. అడిగినవాటిలో సగానికి జవాబు తెలియలేదన్నది చిన్న విషయం, నేను మాత్రం తప్పంతా నా పళ్ళ మీదికి నెట్టేశాను. మా ఊరి బోరు నీళ్ళలో ఫ్లోరైడు ఎక్కువ. అవి తాగి పెరిగిన మా అందరి పళ్ళ మీదా గోధుమరంగు చారలుంటాయి. ఇలాంటి నోరేసుకుని పళ్ళ స్పెషలిస్టు సీటు అడిగితే ఎవరిస్తారు? రెండోసారే ఆఖరు, అదీ పోతే వయసు దాటిపోతుంది.

అందుకని హిందూపురంలో క్లినిక్ పెట్టుకున్న క్లాస్‌మేట్ దగ్గరికి పోయి, ముందరి ఆరు పళ్ళకూ తెల్ల పూత వేయమన్నాను. "మన నీళ్ళ పండ్లమింద అది గట్టిగా అతుక్కోదు గదరా, నీకు తెల్దా?" అన్నాడు. కెప్టెన్‌కే పాఠాలా! "వెయ్" అన్నాను. వేసి, "గట్టివి కొరకొద్దు" అని చేతులు కడుక్కున్నాడు. ఇంటికి పోతే మా అవ్వ వాకిట్లోనే ఆపేసింది. "ఎవురప్పా నువ్వు? యాడికొచ్చినావు?"

"నేనే అవ్వా. పండ్లు బాగుజేయించుకున్యా."

"ఏం బాగో! సున్నం కొట్టిన గోడ మాదిరి ఉండాది" అంటూనే, ఇంటర్వ్యూకి పోయే దారిలో తినమని బెల్లం పాకం పట్టిన శెనక్కాయల ఉంటలు డబ్బాలో పెట్టిచ్చింది. పెనుకొండ మీదుగా ధర్మవరం చేరి రైలెక్కాను. గుంతకల్లు రాకముందే నాలుగు ఉంటలు అయిపోయాయి. (అవ్వ చేతివి మరి, ఏం చెయ్యను?)

ఇంటర్వ్యూలో బల్లకవతల ముగ్గురు పెద్ద అధికారులు. ఈ విభాగమే ఎందుకని అడిగారు. బట్టీపట్టిన జవాబు అప్పజెప్పాను. అందులో దేశసేవ మూడుసార్లొచ్చింది, ఒకాయనకు ఆవులింతొచ్చింది. మధ్యలో కూర్చున్న మీసాల కర్నల్ ఇంకో ప్రశ్న వేశాడు. ఫ్లోరైడు పళ్ళ మీద పూత ఎందుకు సరిగ్గా నిలవదు? తెలిసిన ప్రశ్న! రెచ్చిపోయాను. "సార్, ఆ పంటి పైపొర యాసిడ్‌కు సులభంగా లొంగదు, అందువల్ల పూతకు పట్టు దొరక్క..." అంటుండగానే నా ముందుపంటి పూత పెచ్చులా ఊడి టప్పుమని బల్ల మీద పడింది.

కర్నల్ దాన్ని పెన్నుతో దగ్గరికి లాక్కుని చూశాడు. "జవాబు అయిపోయిందా, ఇంకా పడేవి ఉన్నాయా?"

"ఇంకా ఐదున్నాయి సార్."

సిగ్గుతో చచ్చిపోయాను. సీటు గోవిందా అనుకున్నాను. అప్పుడాయన, "ఈసారి నిజం చెప్పు. ఎందుకు కావాలి?" అన్నాడు. పోయేదేముందని చెప్పేశాను. "మా బడి గ్రూపు ఫోటోలో ఒక్క పిల్లాడూ నవ్వడు సార్. కోపమొచ్చి కాదు, పళ్ళు కనపడతాయని." ఈసారి ఎవరికీ ఆవులింత రాలేదు.

సీటొచ్చింది. మిగిలిన ఐదు పూతలూ నేనే తీయించేసుకున్నాను. ఇప్పుడు అవ్వ ఇంట్లో నావి రెండు ఫోటోలున్నాయి. ఒకటి కెప్టెన్ అయినప్పటిది, మూతి బిగించినది. రెండోది ఎండీఎస్ పట్టా పుచ్చుకున్నప్పటిది, చారల పళ్ళన్నీ బయటపెట్టినది. ఎవరొచ్చినా అవ్వ రెండోదే చూపిస్తుంది, "ఈడు మావోడు" అని. మొదటిదాని గురించి అడిగితే, "ఆ పొద్దు వానికి నవ్వేది రాకుండె" అంటుంది. ఆ కుర్రాణ్ణి చూస్తే నాకిప్పుడు జాలేస్తుంది. ఎంత బాగా ఇస్త్రీ చేసుకున్నాడో పాపం, ఒక్కసారి నవ్వి ఉండాల్సింది.